మార్కుల ఫారంలో 143వ నంబరు తర్వాత అన్నీ సున్నాలే... పోస్ట్ చేసిన డేటా ఎక్కడ పోతోంది?

వైరా_కుర్రాడు · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఒక ప్రైవేట్ హైస్కూల్‌కి మార్కుల ఎంట్రీ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. పీహెచ్‌పీ 8.2, మైఎస్‌క్యూఎల్, షేర్డ్ హోస్టింగ్. ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేదు, మామూలు ఫారం, మామూలు స్క్రిప్ట్. రెండేళ్లు బాగానే నడిచింది.

అప్పట్లో సెక్షన్‌కి ఒక పేజీ ఉండేది. ఈసారి తొమ్మిదో తరగతి నాలుగు సెక్షన్లూ ఒకే పేజీలో కావాలని హెడ్‌మాస్టర్ గారు అడిగితే అలాగే మార్చాను. మొత్తం 180 మంది. ఒక్కొక్కరికి రోల్ నంబరు హిడెన్ ఫీల్డ్ (తెర మీద కనిపించనిది) ఒకటి, ఆరు సబ్జెక్టుల బాక్సులు. సేవ్ నొక్కితే "విజయవంతంగా సేవ్ అయింది" అనే వచ్చింది. ఎర్రర్ ఏమీ లేదు. ప్రోగ్రెస్ కార్డులు ప్రింట్ చేసి పంచేశారు.

నిన్న సాయంత్రం నుంచి స్కూల్‌కి ఒకటే ఫోన్లు. డీ సెక్షన్‌లో ఎనిమిదో నంబరు పాపకి (మొత్తం వరుసలో 143) తెలుగు, హిందీ మార్కులు సరిగ్గా ఉన్నాయి, ఇంగ్లిష్ నుంచి సున్నా. ఆ తర్వాత ఉన్న 37 మందికి ఆరు సబ్జెక్టుల్లోనూ సున్నాలే. ఏ, బీ, సీ సెక్షన్లలో ఒక్క తప్పు కూడా లేదు. ఆ పాప వాళ్ల నాన్న కార్డు పట్టుకుని స్కూల్‌కి వచ్చారట. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఫైల్ సైజు లిమిట్ అనుకుని పోస్ట్_మ్యాక్స్_సైజ్ చూశాను, 8 ఎంబీ ఉంది. ఫారం మొత్తం కలిపి 40 కేబీ కూడా లేదు. డేటాబేస్‌లో కాలమ్స్ బాగానే ఉన్నాయి. ఎక్కడ వెతకాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_కోడర్ · సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ, కంగారు పడకు. డేటాబేస్ జోలికి ఇప్పుడే వెళ్లకు. బ్రౌజర్ పంపిందా లేదా, పంపితే స్క్రిప్ట్ చేతికి ఎంత వచ్చిందీ, ఈ రెండూ విడివిడిగా చూడాలి.

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరువు. సేవ్ నొక్కాక ఆ రిక్వెస్ట్ మీద క్లిక్ చేసి పేలోడ్ చూడు. అక్కడ "వ్యూ సోర్స్" అని ఉంటుంది, అది నొక్కితే అసలు పచ్చి డేటా కనిపిస్తుంది. చివరి రోల్ నంబరు, అంటే 180, అందులో ఉందా చూడు.

ఆ తర్వాత స్క్రిప్ట్ మొదటి లైన్‌లోనే ఫైల్_గెట్_కంటెంట్స్‌తో పీహెచ్‌పీ://ఇన్‌పుట్ చదివి (పీహెచ్‌పీ ఇంకా విడదీయని పచ్చి డేటా అందులో ఉంటుంది), వచ్చింది వచ్చినట్టు ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకో. ఆ ఫైల్ పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ బయట పెట్టు. అందులో పిల్లల రోల్ నంబర్లు, మార్కులు ఉంటాయి, పని అయ్యాక తీసెయ్యి. ఇది మాత్రం మర్చిపోకు.

వైరా_కుర్రాడు · సోమవారం, రాత్రి 11:31

అన్నా, చూశాను. బ్రౌజర్ అన్నీ పంపుతోంది, 180 వరకు ఉన్నాయి. టెక్స్ట్ ఫైల్‌లో కూడా అన్నీ ఉన్నాయి! "అండ్" గుర్తులు లెక్కపెడితే 1262 వచ్చాయి, అంటే 1263 ఫీల్డులు. పిల్లలవి 180 ఇంటూ 7, అంటే 1260. ఇంకో మూడు తరగతి, పరీక్ష పేరు, సెక్యూరిటీ టోకెన్. లెక్క సరిపోయింది.

కానీ పీహెచ్‌పీ ఆ ఫీల్డుల్ని విడదీసి పెట్టే $_పోస్ట్‌లో మాత్రం 143 దగ్గర తెగిపోతోంది. సరే, పచ్చి డేటా ఎలాగూ చేతిలో ఉంది కదా అని దాన్ని పార్స్_ఎస్‌టీఆర్ ఫంక్షన్‌కి ఇచ్చి అర్రే (పేరు, విలువల జాబితా) చేయించాను. అక్కడా సరిగ్గా 143 దగ్గరే ఆగింది. ఒకే స్ట్రింగ్, మొత్తం ఉంది, విడదీస్తే సగం పోతోంది. నాకు అర్థం కావట్లేదు.

సుజాత_బ్యాకెండ్ · మంగళవారం, ఉదయం 6:50

మీ లెక్కలోనే జవాబు ఉందండీ. 142 మందికి ఏడేసి చొప్పున 994. మొదటి మూడు ఫీల్డులు కలిపితే 997. ఆ తర్వాత పాప రోల్ నంబరు, తెలుగు, హిందీ. 1000. అక్కడ తెగింది.

పీహెచ్‌పీలో మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. ఎవరూ మార్చకపోతే దాని విలువ 1000. ఒక రిక్వెస్ట్‌లో అంతకంటే ఎక్కువ ఫీల్డులు వస్తే మిగిలినవి వదిలేసి, స్క్రిప్ట్‌ని మామూలుగానే నడిపిస్తుంది. పార్స్_ఎస్‌టీఆర్ కూడా అదే సెట్టింగ్‌ని పాటిస్తుంది, అందుకే రెండు చోట్లా ఒకేచోట ఆగింది.

హెచ్చరిక రాలేదు అనుకుంటున్నారు కానీ వచ్చే ఉంటుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ఎర్రర్ లాగ్ తెరవండి. "ఇన్‌పుట్ వేరియబుల్స్ 1000 దాటాయి" అనే వార్నింగ్ ఉంటుంది. ఫైల్ పేరు దగ్గర "అన్‌నోన్" అని, లైన్ నంబరు దగ్గర సున్నా అని ఉంటుంది. మీ స్క్రిప్ట్ మొదలవ్వకముందే పీహెచ్‌పీ ఫారం డేటాని విడదీసేస్తుంది, అందుకే ఫైల్ పేరు ఉండదు. పేరు లేని వార్నింగ్ కదా అని చాలామంది దాన్ని పట్టించుకోరు. మా టీమ్‌లో కూడా ఒకసారి అలాగే వదిలేశాం, ఒక హోల్‌సేల్ ఆర్డర్ ఫారంలో చివరి వస్తువులు వారం రోజులు మాయమవుతూనే ఉన్నాయి.

అదే కారణంతో స్క్రిప్ట్ లోపల ఐఎన్ఐ_సెట్‌తో ఆ సెట్టింగ్ మార్చబోయినా పనిచేయదు. అప్పటికే విడదీయడం అయిపోయి ఉంటుంది. షేర్డ్ హోస్టింగ్ అంటున్నారు కాబట్టి మీ సర్వర్ పీహెచ్‌పీని నడిపే పద్ధతి బహుశా ఫాస్ట్‌సీజీఐ. ఫోల్డర్‌లో .యూజర్.ఐఎన్ఐ అనే ఫైల్‌లో రాయండి. రాసిన వెంటనే మారకపోతే భయపడకండి, పీహెచ్‌పీ ఆ ఫైల్‌ని మామూలుగా 300 సెకన్లకోసారే మళ్లీ చదువుతుంది. ఒక టీ తాగి రండి.

పాత_కోడర్ · మంగళవారం, ఉదయం 7:20

సుజాత గారు సరిగ్గా పట్టుకున్నారు. ఈ లిమిట్ ఎందుకు పెట్టారో కూడా చెప్తాను, లేకపోతే దాన్ని లక్షకి పెంచేసి చేతులు దులుపుకునేవాళ్లు ఉంటారు.

2011 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక దాడి చూపించారు. ఫారం ఫీల్డుల పేర్లని సర్వర్ ఒక హ్యాష్ టేబుల్‌లో, అంటే పేరుని బట్టి గది నిర్ణయించే పట్టికలో, పెట్టుకుంటుంది. వేర్వేరు పేర్లయినా టేబుల్‌లో అన్నీ ఒకే గదిలో పడేలా వేల పేర్లు తయారుచేసి పంపితే, ప్రతి కొత్త పేరుకీ పాతవన్నీ తిరగేయాల్సి వస్తుంది. పదివేల పేర్లకి ఐదు కోట్ల పోలికలు. చిన్న రిక్వెస్ట్ ఒక్కటి సర్వర్‌ని నిమిషాల తరబడి ఊపిరి ఆడనివ్వదు. పీహెచ్‌పీ ఒక్కటే కాదు, అప్పట్లో జావా, పైథాన్, రూబీ, ఏఎస్‌పీ డాట్‌నెట్ అన్నీ ఇరుక్కున్నాయి. 2012 జనవరిలో వచ్చిన పీహెచ్‌పీ 5.3.9తో ఈ 1000 లిమిట్ వచ్చింది.

అందుకని నీకు 1263 కావాలంటే 2000 పెట్టుకో. లక్ష పెట్టకు.

నోడ్_నరేష్ · మంగళవారం, ఉదయం 10:15

బ్రో, లిమిట్ పెంచడం ఈ రోజుకి సరే. వచ్చే ఏడాది పిల్లలు 300 అయితే మళ్లీ ఇదే కథ. మార్కులన్నీ జావాస్క్రిప్ట్‌తో ఒక జేసన్‌గా (డేటా అంతా ఒకే టెక్స్ట్‌గా రాసే పద్ధతి) కట్టి పంపు. అప్పుడు అది ఒకే ముక్క, ఫీల్డుల లిమిట్ దానికి వర్తించదు. కంటెంట్ టైప్ జేసన్ అని పెడితే $_పోస్ట్ ఖాళీగా ఉంటుంది, అది మామూలే. పీహెచ్‌పీ $_పోస్ట్‌ని రెండు రకాల ఫారం డేటాకి మాత్రమే నింపుతుంది: మామూలు యూఆర్ఎల్ ఎన్‌కోడెడ్, ఫైల్ అప్‌లోడ్‌లకి వాడే మల్టీపార్ట్. మిగతావన్నీ పీహెచ్‌పీ://ఇన్‌పుట్ నుంచి నువ్వే చదువుకోవాలి.

ఇంకో మాట. నోడ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఫారం పార్సర్‌కి కూడా 1000 లిమిటే, పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో కూడా 1000. కానీ దాటితే ఎక్స్‌ప్రెస్ 413, జాంగో 400 ఎర్రర్ ఇచ్చి ఫారం మొత్తాన్నీ వెనక్కి పంపేస్తాయి. సగం తీసుకుని నోరు మూసుకోవడం కంటే అదే మేలు అని నా అభిప్రాయం.

గణితం_టీచర్ · మంగళవారం, సాయంత్రం 5:40

నేను ప్రోగ్రామర్‌ని కాదు, ఇలాంటి ఫారంలు నింపేవాడిని. పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అందుకే రెండు మాటలు చెప్పాలనిపించింది.

ఒకే పేజీలో 180 మంది అంటే 1080 బాక్సులు. సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో కూర్చుని నింపుతాం. మధ్యలో కరెంటు పోతుంది, నెట్ పోతుంది, ఎవరో పేరెంట్ వచ్చారని పిలుస్తారు. చివర్లో ఒకేసారి సేవ్ అంటే గంట కష్టం ఒక్క బటన్ మీద ఆధారపడినట్టే. హెడ్‌మాస్టర్ గారికి అన్నీ ఒకేచోట చూడాలని ఉంటుంది, అది చూడటానికి. ఎంట్రీ మాత్రం సెక్షన్ల వారీగానే ఉంచండి బాబూ. 45 మంది, సేవ్. మళ్లీ 45 మంది, సేవ్.

రెండోది ముఖ్యమైంది. మీ ప్రోగ్రాం రాని మార్కుని సున్నా అని ఎందుకు రాసింది? మా రిజిస్టర్‌లో పిల్లవాడు పరీక్షకి రాకపోతే "ఏబీ" అని రాస్తాం, మేము ఇంకా దిద్దకపోతే ఖాళీగా వదిలేస్తాం, రాసి ఏమీ రాకపోతేనే సున్నా వేస్తాం. ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు. సున్నా వేసే ముందు ఏ టీచరైనా పేపర్ రెండోసారి తిరగేస్తాడు. ఆ కార్డు ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో మాకు తెలుసు కాబట్టి.

వైరా_కుర్రాడు · మంగళవారం, రాత్రి 8:58

సార్, మీ మాట చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పింది నిజం. నా కోడ్‌లో ఆ లైన్ ఇదే: డేటాబేస్ నుంచి 180 మంది జాబితా తీసుకుని, ఒక్కొక్కరికి $_పోస్ట్‌లో మార్కు ఉంటే అది, లేకపోతే సున్నా. రెండు ప్రశ్న గుర్తులు పెట్టి పక్కన సున్నా రాసేశాను. వార్నింగులు రాకుండా ఉంటాయని అలవాటుగా రాసిన లైన్ అది. పీహెచ్‌పీ డేటాని వదిలేసింది, కానీ సున్నా వేసింది నేను.

లాగ్ కూడా చూశాను సుజాత గారూ. మీరన్నట్టే "అన్‌నోన్", లైన్ సున్నా. ఆ రోజు సేవ్ నొక్కిన ప్రతిసారీ ఒక లైన్ ఉంది. లిమిట్ 2000 చేశాను, ఇప్పుడు 1263 వస్తున్నాయి.

ఇప్పుడు "ఏబీ", ఖాళీ, సున్నా విడదీయాలని కూర్చున్నా. ఎంప్టీ ఫంక్షన్‌తో ఖాళీ పట్టుకుంటుంటే నిజంగా సున్నా వేసినవి కూడా ఖాళీ అంటోంది.

పాత_కోడర్ · మంగళవారం, రాత్రి 9:30

ఎంప్టీ వాడకు తమ్ముడూ. ఫారం నుంచి వచ్చేదంతా స్ట్రింగే, నువ్వు 0 టైప్ చేసినా అది "0" అనే అక్షరంగానే వస్తుంది. పీహెచ్‌పీ దృష్టిలో ఆ "0" కూడా ఖాళీయే. కాబట్టి ఇలా వెళ్లు: ఆ కీ, అంటే ఫీల్డ్ పేరు, అసలు అర్రేలో ఉందా? లేకపోతే అది తెగిపోయిన ఫారం, అక్కడితో ఆపేసి ఎర్రర్ చూపించు, ఒక్క వరుస కూడా సేవ్ చెయ్యకు. కీ ఉండి ట్రిమ్ చేశాక (ముందూ వెనకా ఖాళీలు తీసేశాక) ఏమీ లేని స్ట్రింగ్ అయితే నల్, అంటే విలువ ఇంకా లేదు అని. "ఏబీ" అయితే దానికి వేరే కాలమ్. మిగిలింది నంబరే అవ్వాలి, దాన్ని ఫిల్టర్_వార్‌తో పూర్ణాంకమా, 0 నుంచి 80 లోపేనా అని చూడు. ఫలితాన్ని మూడు సమాన గుర్తులతో ఫాల్స్‌తో పోల్చు. ఊరికే "కాకపోతే" అని రాస్తే సరైన 0 కూడా తప్పుగా పోతుంది, మళ్లీ అదే గుంటలో పడతావ్.

పాత సర్వర్ మీద పీహెచ్‌పీ 7 ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అందులో రెండు సమాన గుర్తులతో "ఏబీ"ని 0తో పోలిస్తే నిజం అని వస్తుంది. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 నుంచి అది సరిచేశారు.

ఫారం మొత్తం వచ్చిందని తెలుసుకోవడానికి నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఫారంలో అన్నిటికంటే చివర ఒక హిడెన్ ఫీల్డ్ పెడతాను, పేరు "ముగింపు", విలువ మొత్తం వరుసల సంఖ్య. స్క్రిప్ట్‌లో ముందు అది ఉందా, అందులోని సంఖ్య, వచ్చిన వరుసలు సమానమా అని చూస్తాను. నీ సెక్యూరిటీ టోకెన్ ఫారం మొదట్లో ఉంది కాబట్టి అది దాటిపోయింది. అదే చివర ఉండుంటే 1000 దగ్గర టోకెన్ కూడా తెగిపోయి, ఫారం మొత్తం తిరస్కరించబడేది, ఆ రోజే తెలిసిపోయేది.

180 వరుసలూ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయి. మధ్యలో ఏది తప్పినా రోల్‌బ్యాక్, అంటే అప్పటిదాకా రాసిందంతా రద్దు.

ఫ్రిస్కో_తెలుగు · బుధవారం, తెల్లవారుజాము 2:14

ఇక్కడ అమెరికాలో ఇంకా మధ్యాహ్నమే, అందుకే ఈ టైమ్‌లో రాస్తున్నా. పచ్చి డేటాని సొంతంగా విడదీసుకోవాలనుకునేవాళ్లు ఈ థ్రెడ్ చదివి మొదలుపెడతారేమో, నేను దెబ్బతిన్న చోట్లు చెప్తాను.

ముందు "అండ్" గుర్తు దగ్గర ముక్కలు చేసి, ఆ తర్వాతే డీకోడ్ చెయ్యాలి, అంటే శాతం గుర్తుల కోడ్‌ని మామూలు అక్షరాల్లోకి మార్చాలి. తిరగేసి చేస్తే, ఎవరైనా పేరులో "అండ్" గుర్తు టైప్ చేసి ఉంటే అక్కడ కూడా తెగుతుంది. ఇంకోటి ప్లస్ గుర్తు. ఫారం డేటాలో ప్లస్ అంటే ఖాళీ. జావాస్క్రిప్ట్‌లో చేత్తో స్ట్రింగ్ కట్టి పంపితే +91 తో మొదలయ్యే ఫోన్ నంబర్లు ముందు ఖాళీతో 91 అయి కూర్చుంటాయి. ఎన్‌కోడ్ చేసి పంపితే ప్లస్ కాస్తా %2బీ అవుతుంది, అప్పుడు క్షేమం. మల్టీపార్ట్ ఫారం అయితే పీహెచ్‌పీ://ఇన్‌పుట్ మామూలుగా ఖాళీగానే వస్తుంది, గంటలు వెతకొద్దు. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే $హెచ్‌టీటీపీ_రా_పోస్ట్_డేటా అనే వేరియబుల్‌ని పీహెచ్‌పీ 7లోనే తీసేశారు.

ఫీల్డ్ పేరులో చుక్క పెడితే $_పోస్ట్‌లో అది అండర్‌స్కోర్ అయిపోతుంది. ఒకప్పుడు ఫారం ఫీల్డులు నేరుగా వేరియబుల్స్‌గా మారేవి, వేరియబుల్ పేరులో చుక్క ఉండకూడదు. ఆ పద్ధతి పీహెచ్‌పీ 5.4లోనే పూర్తిగా పోయింది, ఈ అలవాటు మాత్రం మిగిలింది.

అసలు నేను చెప్పాలనుకున్నది పేమెంట్ల గురించి. పేమెంట్ గేట్‌వే మన సర్వర్‌కి జేసన్ పంపి, దానితో పాటు డిజిటల్ సంతకం (డేటా మధ్యలో మారలేదని రుజువు చేసే కోడ్) పంపుతుంది. ఆ సంతకం వాళ్లు పంపిన బైట్ల మీద లెక్కించింది. నేను జేసన్‌ని డీకోడ్ చేసి, మళ్లీ ఎన్‌కోడ్ చేసి, దాని మీద సంతకం లెక్కపెట్టేవాణ్ని. ఇంగ్లిష్ పేర్లున్న ఆర్డర్లన్నీ సరిపోయేవి. ఒక కస్టమర్ తన పేరు తెలుగులో రాశారు, సంతకం తప్పింది. ఎందుకంటే పీహెచ్‌పీ జేసన్ ఎన్‌కోడ్ చేసేటప్పుడు మామూలుగా తెలుగు అక్షరాల్ని బ్యాక్‌స్లాష్ యూ పక్కన నాలుగంకెల కోడ్‌గా మార్చేస్తుంది. "త" అనే ఒక్క అక్షరం చోట ఆరు గుర్తులు. చూడ్డానికి ఒకటే, బైట్లు వేరు. డబ్బు కట్టినావిడకి ఆర్డర్ కన్ఫర్మ్ కాలేదు, పాపం రెండుసార్లు ఫోన్ చేసింది. అప్పటినుంచి పచ్చి డేటా ఎలా వచ్చిందో అలాగే ఒక వేరియబుల్‌లో ఉంచి, దాని మీదే సంతకం చూసి, హ్యాష్_ఈక్వల్స్‌తో పోల్చి, ఆ తర్వాతే డీకోడ్ చేస్తున్నా.

సుజాత_బ్యాకెండ్ · బుధవారం, ఉదయం 7:05

తెలుగు మాట వచ్చింది కాబట్టి వైరా తమ్ముడికి ఒకటి. మీ స్కూల్ ఫారంలో పేర్లు తెలుగులో ఎంటర్ చేస్తున్నారా? చేస్తుంటే పేరు పొడవుని బైట్లలో కొలవకండి. "శ్రీ" చూడ్డానికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో పన్నెండు బైట్లు. ఫారంలో ప్రయాణించేటప్పుడు ఒక్కో బైట్ శాతం గుర్తుతో మూడేసి గుర్తులవుతుంది, అంటే 36. పాత కోడ్‌లో 30 బైట్లు దాటితే కత్తిరించే లైన్ ఒకటి చూశాను, "శ్రీనివాసరావు" కాస్తా "శ్రీనివాసర" దగ్గర తెగిపోయేది.

ఇంకోటి వెతుకులాటలో తెలుస్తుంది. "రామ్‌కుమార్" అని రాసేటప్పుడు కీబోర్డ్‌ని బట్టి మ, క మధ్య కంటికి కనిపించని నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఒకటి పడుతుంది. ఒక టీచర్ అది పడేలా, ఇంకొకరు పడకుండా టైప్ చేస్తే డేటాబేస్ సెట్టింగ్‌ని బట్టి దానికి ఆ రెండు పేర్లూ వేర్వేరు పిల్లలవి కావచ్చు. దాన్ని తీసేస్తే పేరు రూపమే మారిపోతుంది, మ కింద క ఒత్తు వచ్చేస్తుంది. అందుకే నేను పేరుని వచ్చినట్టే దాచి, వెతకడానికి మాత్రం నాన్-జాయినర్ తీసేసిన ఇంకో కాలమ్ పెట్టుకుంటాను.

అలాగే కొందరు డేటా రాగానే హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యారెక్టర్స్ ఫంక్షన్‌తో ఎస్కేప్ చేసి (ప్రత్యేక గుర్తుల్ని కోడ్‌గా మార్చి) దాచుకుంటారు. దయచేసి వద్దు. దాచేటప్పుడు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (డేటాని ఆదేశం నుంచి విడిగా డేటాబేస్‌కి పంపే పద్ధతి), తెర మీద చూపించేటప్పుడు ఎస్కేప్. ముందే ఎస్కేప్ చేస్తే తండ్రి పేరులో "అండ్" గుర్తు ఉన్నప్పుడు ప్రింట్ తీసిన కార్డు మీద ఆ పేరు మధ్యలో "ఏఎంపీ" అని పడుతుంది.

వైరా_కుర్రాడు · శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ పేరుపేరునా థాంక్స్. చేసినవి చెప్తాను.

ఎంట్రీ మళ్లీ సెక్షన్ల వారీగా చేశాను. హెడ్‌మాస్టర్ గారికి నాలుగు సెక్షన్లూ ఒకేచోట కనిపించే పేజీ విడిగా ఇచ్చాను, అందులో చూడటమే, మార్చడం లేదు. నరేష్ బ్రో, జేసన్ పద్ధతి ప్రస్తుతానికి పెట్టలేదు, స్కూల్‌లో ఒక పాత కంప్యూటర్‌లో జావాస్క్రిప్ట్ సరిగ్గా నడవట్లేదు. "ముగింపు" ఫీల్డ్ పెట్టాను. దాన్ని పరీక్షించడానికి లిమిట్ కావాలనే 100 చేసి సేవ్ నొక్కాను. "45 వరుసలు రావాలి, 14 వచ్చాయి. ఏదీ సేవ్ చేయలేదు" అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. ఆ లైన్ చూసి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. సున్నా వేసే ఆ లైన్ తీసేశాను. ఖాళీ మార్కు ఉంటే కార్డు ప్రింట్ అవదు, ఏ పిల్లవాడికి ఏ సబ్జెక్టు మిగిలిందో చూపిస్తుంది.

పచ్చి డేటా రాసుకున్న టెక్స్ట్ ఫైల్ తీసేశాను అన్నా.

38 మంది కార్డులూ నిన్న మళ్లీ ప్రింట్ చేశాం. తప్పు సాఫ్ట్‌వేర్‌దని, పిల్లలది కాదని స్కూల్ లెటర్‌హెడ్ మీద ఒక చీటీ రాయించి ప్రతి కార్డుకీ పిన్ చేయించాను. ఎనిమిదో నంబరు పాప కార్డు ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఇంగ్లిష్‌లో 71, లెక్కల్లో 76 వచ్చాయి తనకి. వాళ్ల నాన్న కార్డు రెండు వైపులా చూసి, నన్ను కూర్చోమని మంచినీళ్లు ఇచ్చారు.